మీ బండి చప్పుడు

"మేడం గారికి నమస్కారాలు. మాది వరంగల్. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో ఇరవై రెండేండ్లుగా గుమస్తాగా చేస్తున్నాను. నాకు ఒక బిడ్డ, ఒక కొడుకు. బిడ్డకు ఇరవై ఒకటి, డిగ్రీ అయింది, సంబంధాలు చూస్తున్నాం. కొడుకుకు పదిహేనేండ్లు. పుట్టినప్పుడు ఏడవలేదు, పన్నెండు రోజులు గాజుపెట్టెలో ఉంచారు. సెరిబ్రల్ పాల్సీ అన్నారు. నడవడు, మాట రాదు, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. మా అమ్మ మొక్కని దేవుడు లేడు. వేములవాడలో కోడెను కట్టాం. చిన్నప్పుడు మేడారంలో ఎత్తు బంగారం, అదే వాడి బరువుకు బెల్లం, జోకాం.

రెండేండ్ల నుంచి నా భార్య వాణ్ణి హన్మకొండలో ఇలాంటి పిల్లల సెంటర్‌కు తీసుకుపోతోంది. వారానికి మూడు రోజులు, శనివారంతో కలిపి. ఆటోకే నెలకు మూడు వేలు. అక్కడ తల్లుల మీటింగులట, ట్రైనింగులట. అప్పటి నుంచి ఆమె తీరే మారింది. ఇదివరకు ఇంటికి ఎవరన్నా వస్తే పిల్లగాణ్ణి వెనక అర్రలో పడుకోబెట్టేది. ఇప్పుడు ముందు గదిలోనే కూర్చోబెడుతోంది. ఈ ఏడు రెండు సంబంధాలు వచ్చి చూసి పోయాయి. ఒకళ్లు 'రేపు ఈ పిల్లగాడు ఎవరి మీద పడతడు' అన్నారు. ఇంకొకళ్లు 'మా పిల్లగాడికి పుట్టేవాళ్లకు కూడా వస్తదా' అని మధ్యవర్తితో అడిగించారు. మళ్లీ జవాబు లేదు. పెళ్లయ్యేదాకా ఓ నాలుగు నెలలు బాబును ఎక్కడన్నా హాస్టల్లో పెడదామంటే నా భార్య నాతో మాట్లాడటం మానేసింది. నాకూ ఓపిక ఉండాలి కదా. సీజన్‌లో రాత్రి తొమ్మిదింటికి అలిసిపోయి వస్తే, వాకిట్లో నా బండి ఆగిందో లేదో లోపల్నుంచి అరుపులు మొదలు. గల్లీలో ఎన్ని బండ్లు పోయినా చప్పుడు చేయడు, నేను వస్తేనే. ఆమెను ఎట్లా ఒప్పించాలి? సెంటర్ మాన్పిస్తే దారికి వస్తుందా?"

– ఒక తండ్రి, వరంగల్

తమ్ముడూ, మీరు అడిగినదానికి జవాబు ముందే ఇచ్చేస్తాను. ఒప్పించలేరు. ఒప్పించకూడదు కూడా. సెంటర్ మాన్పించే ఆలోచన ఇవాళే వదిలేయండి. ధర వచ్చేదాకా మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టడం మీ మార్కెట్లో రోజూ చూసే పనే. ఆ అలవాటు ఇంట్లోకి తెచ్చుకుంటే ఎట్లా?

హాస్టల్‌లో పెట్టిన తల్లిదండ్రులందరినీ తప్పుపట్టడం లేదు. తల్లి మంచాన పడ్డ ఇల్లు, తండ్రి పోయిన ఇల్లు, ఎత్తి పక్కకు జరిపే మనిషే లేని ఇల్లు నేను చూశాను. వాళ్ల సంగతి వేరు. మీది ఆ ఇల్లు కాదు. పదిహేనేండ్లు ఒక్క మనిషి చేతి ముద్ద తిన్న పిల్లవాణ్ణి, చుట్టాలు వచ్చిపోయే నాలుగు నెలల కోసం కొత్తవాళ్ల చేతిలో పెట్టడమంటే ఏమిటో మీ భార్యకు తెలుసు. అందుకే ఆమె మీతో వాదించలేదు, మాట మానేసింది. వాదించే భార్యను ఎట్లాగన్నా సముదాయించవచ్చు. మాట మానేసిందంటే, ఇక ఈయనతో చెప్పి లాభం లేదనుకుంది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆ అరుపుల దగ్గర ఆగిపోయాను. గల్లీలో ఎన్ని బండ్లు పోయినా పలకనివాడు మీ బండి ఆగగానే అరుస్తాడని మీరే రాశారు, అదీ ఫిర్యాదుగా. ఆ పిల్లవాడికి కాళ్లు లేచి ఉరికిరావు. నోరు 'బాపూ' అనదు. ఉన్నది ఆ గొంతు ఒక్కటే. రోజంతా చెవులు రిక్కించి, వంద బండ్లలోంచి మీ ఇంజను చప్పుడు ఏరుకుని, ఉన్న ఆ ఒక్క గొంతుతో మిమ్మల్ని పిలుస్తున్నాడు. మీరేమో నాకు ఓపిక ఉండాలి కదా అంటున్నారు. అరుపు మొదలైనప్పుడు మీరు నేరుగా వాడి దగ్గరికి పోతారా, కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చుంటారా? రాయలేదు. రాయకపోయినా నాకు అర్థమైంది.

కాబట్టి మీ ఇంట్లో తెగిపోయింది మీకూ మీ భార్యకూ మధ్య కాదు. మీకూ మీ కొడుకుకూ మధ్య. అది సరిగ్గా ఉంటే ఆమె మీతో ఎప్పుడో మాట్లాడేది.

సెరిబ్రల్ పాల్సీ అనగానే మతి లేదని మీలాంటి చాలామంది అనుకుంటారు. పుట్టే వేళకు అటూ ఇటూ మెదడుకు దెబ్బ తగిలితే, ముఖ్యంగా కండరాలు, కదలిక పట్టు తప్పుతాయి. మాట్లాడలేకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. కొందరికి రెండూ ఉంటాయి, కొందరికి అన్నీ అర్థమవుతూనే నాలుక సహకరించదు. మీవాడు ఏ కోవలోకి వస్తాడో చూపించారా? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న, మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థలో ఈ పరీక్షలు చేస్తారు. మీ సెంటర్‌వాళ్లను అడిగితే దారి చెప్తారు. బండి చప్పుడు గుర్తుపట్టేవాడు 'హాస్టల్' అనే మాట కూడా విని ఉంటాడు. ఆ మాట వాడి ముందే అన్నారా?

ఇక్కడ నా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. పరకాల దగ్గర మా ఊళ్లో, మా నాయనకు ఒక చెల్లెలు ఉండేది. నడక సరిగా లేదు, మాట ముద్దముద్దగా వచ్చేది. పశువుల కొట్టానికి ఆనుకున్న అర్రలో ఉండేది. సద్దుల బతుకమ్మ రోజు వాకిట్లో ఆడోళ్లు పాట ఎత్తుకుంటే, లోపల్నుంచి ఆమె చప్పట్లు వినిపించేవి. ఒక్క దెబ్బ తప్పేది కాదు. మా అక్కను చూసుకోవడానికి వచ్చినవాళ్లు కొట్టం వైపు చప్పుడేందని అడిగితే, 'ఎవరూ లేరు, బర్రె' అని చెప్పింది నేనే. పదేండ్ల పిల్లను, పెద్దవాళ్లు చెప్పమన్నారు, చెప్పాను. పెళ్లయింది. ఆరు నెలల్లో సంగతి అక్క అత్తగారింట్లో తెలిసింది. ఆ తర్వాత ఇరవై ఏండ్లు, కూరలో ఉప్పు ఎక్కువైనా, పెద్దోడికి జ్వరం తగిలినా ఒకటే మాట: 'మీ వాళ్లు ఇంకేం దాచిపెట్టిన్రో.' దాచింది మా నాయన. లెక్క కట్టింది మా అక్క.

రేపు మీ బిడ్డ కూడా ఆ లెక్కే కట్టాలి. మీరు రైతుకిచ్చే అమ్మకం చీటీ, ఆ తక్‌పట్టీలో తరుగు ఎక్కడ దాచినా చివరికి రైతు చేతిలో బయటపడక తప్పదు కదా, ఇదీ అంతే.

వెనక్కి పోయిన ఆ రెండు సంబంధాలవాళ్ల మీద మీకు కోపంగా ఉంది. నాకైతే లేదు. వాళ్లు అడగాల్సినవే అడిగారు. జవాబు చెప్పాల్సింది మీరు, మీ దగ్గర జవాబు లేదు.

'పుట్టేవాళ్లకు వస్తదా' అన్నదానికి మీ ఉత్తరం మొదట్లోనే సగం జవాబు ఉంది. పుట్టగానే ఏడవలేదు, గాజుపెట్టెలో ఉంచారు అన్నారు. కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందక వచ్చినదైతే అక్క పిల్లలకు అంటుకునేది కాదు. కానీ ఆ మాట మీరు చెప్తే ఎవరూ నమ్మరు, నేను చెప్పినా నమ్మనక్కరలేదు. అప్పటి కాగితాలు, స్కానింగులు తీసి పిల్లల నరాల డాక్టర్‌కు చూపించి, వేరే కారణం ఏదీ లేదని రాయించుకోండి. మీది మేనరికమైతే మాత్రం ఆ సంగతి డాక్టర్‌తో దాచకండి, ఇంకో పరీక్ష రాస్తారు.

'ఎవరి మీద పడతడు' అన్నదానికి జవాబు కలెక్టరేట్లో ఉంది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండాక సంరక్షకుల్ని నియమించమని కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీవాడికి ఇంకా మూడేండ్లుంది. ముందు మీరూ మీ భార్యా. మీ తర్వాత ఎవరు? అది ఆలోచించారా? లోపల్లోపల బిడ్డ చూసుకుంటుందిలే అనుకుంటూ, పైకి తమ్ముడు కనపడకుండా పెళ్లి చేస్తున్నారేమో! ఆ పిల్లను ఒక్కసారన్నా అడిగారా? ఇరవై ఒక్కేండ్ల మనిషి, తమ్ముడి గురించి ఆమెకూ ఒక మాట ఉంటుంది. ఉత్తరం నిండా ఆమె పెళ్లే ఉంది, ఆమె మాట ఒక్కటి లేదు. అదే ట్రస్ట్ కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చులు కూడా కలిపి. కార్డు ఉందో లేదో మీ భార్యను అడగండి. ఉండే ఉంటుంది. ఇటువంటివన్నీ ఆ సెంటర్ అరుగు మీదే తెలుస్తాయి.

ఆ అరుగు మీద ఏం జరుగుతుందో మీకు తెలియదు. లోపల పిల్లలకు కాళ్లు సాగదీయిస్తుంటారు, బిగుసుకుపోయిన మడమకు పట్టీలు వేస్తారు, నిలబెట్టే చట్రంలో అరగంట నిలబెడతారు. బయట తల్లులు టిఫిన్ డబ్బాలు విప్పుకుని వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు ఎప్పుడో, ఎవరి పింఛను ఆగిందో, ఏ కుర్చీ బాగుందో చెప్పుకుంటారు. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తల కొంచెం ముందుకు వంచి కూర్చోబెట్టి పెట్టాలని ఒకరికొకరు నేర్పుకుంటారు. ఫిట్స్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం కాదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ కుక్కకూడదని నేర్చుకుంటారు. మధ్యలో ఎవరో ఒకరు 'నువ్వు తిన్నవా అక్కా' అంటారు. పదమూడేండ్లు మీ ఇంట్లో ఎవరన్నా ఆమెను ఆ మాట అడిగారా? ఆమె తీరు మారిందని కంప్లయింట్ చేస్తున్నారు. మారదా మరి! ముందు గదిలో కూర్చోబెట్టడం ఆమెకు ఎవరో ఎక్కించిన పొగరు కాదు, పిల్లవాణ్ణి కూర్చోబెట్టవచ్చని అక్కడే తెలిసింది.

ఆటో లెక్క రాశారు కాబట్టి నేనూ ఒక లెక్క చెప్తాను. బస్సులో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ నుంచి టికెట్ లేదు. ఆమెకు ఆ సంగతి తెలియక ఆటో ఎక్కడం లేదు. నడవలేని పదిహేనేండ్ల పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆర్టీసీ మెట్లెక్కి చూడండి. ఇక దివ్యాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలైంది. మీవాడికి అది వస్తుంటే తన ఆటో కిరాయి తనే కట్టుకుంటున్నాడు, మీ జేబులోంచి కాదు. రాకుంటే, సదరం సర్టిఫికెట్ పని మీరు నెత్తిన వేసుకోండి. ఆఫీసుల చుట్టూ తిరగడం గుమస్తాకు కొత్తేం కాదు.

మీ అమ్మగారి గురించి ఎక్కువ రాయను. కోడెను కట్టింది, మొక్కులు మొక్కింది. ఆమె కాలానికి ఆమెకు తెలిసిన వైద్యం అది, ప్రేమే. ఇప్పుడు ఆమెకు చేతనైన పని ఇంకోటి చెప్పండి. మధ్యవర్తి ఇంటికి రాగానే, కట్నం మాట కంటే ముందు, 'మాకు ఇట్లా ఒక మనుమడు ఉన్నడు' అని ఆమె నోటితోనే చెప్పించండి. పెద్దామె చెప్తే ఆ మాటకు బరువుంటుంది. పోయే సంబంధం అప్పుడే పోతుంది, పసుపు కొట్టకముందే. పెళ్లిచూపుల రోజు పిల్లవాడికి మంచి చొక్కా వేసి, మీ పక్కన కూర్చోబెట్టుకోండి. తల్లి పక్కన కాదు, మీ పక్కన. వచ్చినవాళ్లు పిల్లవాడి వైపు కాదు, ముందు మీ మొహం చూస్తారు. మీ తల ఒంగి ఉంటే వాళ్లకు అది ఒక రోగం ఇల్లు. లేకపోతే ఒక ఇల్లు, అంతే.

భార్యకు క్షమాపణలు చెప్పమని నేను చెప్పను. మన మగవాళ్లకు ఆ మాట నోట రాదు, వచ్చినా ఆమె ఇప్పుడు వినదు. శనివారం మార్కెట్ సెలవు కదా. ఈ శనివారం ఆటో ఎక్కేటప్పుడు పిల్లవాణ్ణి మీరు ఎత్తండి. చంకల కింద చేతులు పెట్టి లాగకండి, మోకాళ్లు వంచి, ఒక చెయ్యి తొడల కింద, ఒక చెయ్యి వీపు వెనక, గుండెకు ఆనించుకుని లేవాలి. ఎట్లాగో ఆమె చూపిస్తుంది. బహుశా ఇన్నాళ్ల తర్వాత మీతో ఆమె ఆడే మొదటి మాట అదే కావచ్చు.

ఇరవై రెండేండ్లుగా కాంటా మీద ఎన్ని బస్తాలు జోకించారో మీరే లెక్క చెప్పలేరు. చిన్నప్పుడు మేడారంలో బెల్లం జోకిన ఆ పిల్లవాడు ఇప్పుడు ఎన్ని కిలోలున్నాడో చెప్పగలరా? ఆమెకు తెలుసు, ఆమె నడుముకు తెలుసు. ఫిట్స్ మందు బరువును బట్టి రాస్తారు, కాబట్టి అక్కడ అప్పుడప్పుడు బరువు చూస్తారు. నిలబడలేని పిల్లవాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకుని కాంటా ఎక్కి, తమ బరువు తీసేసి చెప్పాలి. ఈసారి మీరు ఎక్కండి.