ఇంటర్వ్యూ రోజే బాండ్ రాయించుకుని, ఖాళీ చెక్కు, సర్టిఫికెట్లు తీసుకున్నారు.. ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. ఈ ఏడాదే బీటెక్ అయింది. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఇంటర్వ్యూకి ఉదయం 9 గంటలకు వెళ్తే రాత్రి 10 దాకా వదల్లేదు. ఫోన్లు గేటు దగ్గరే తీసుకున్నారు. నాలుగు రౌండ్లు అయ్యాక ఎవరిదో వెబ్‌సైట్‌కి పేమెంట్ పేజీ కోడ్ రాయించుకున్నారు. చివర్లో సెలెక్ట్ అయ్యానని చెప్పి రెండేళ్ల బాండ్‌పై సంతకం పెట్టించారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు, సంతకం చేసిన ఖాళీ చెక్కు, ట్రైనింగ్ డిపాజిట్ పేరుతో యూపీఐలో 25 వేలు తీసుకున్నారు. ఆరు వారాలైనా ఆఫర్ లెటర్ ఇవ్వలేదు. వేరే ఉద్యోగం వచ్చింది, సర్టిఫికెట్లు ఇవ్వమంటే 2 లక్షలు కట్టమంటున్నారు. నేనేం చేయాలి? - ఒక పాఠకురాలు

జవాబు: మీరు బాండ్ గురించి భయపడుతున్నారు. కానీ వాళ్ల దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా ప్రమాదం ఖాళీ చెక్కు. అందుకే ముందు దాని పని చూడండి. సంతకం చేసిన చెక్కులో అంకె మరొకరు నింపినా, అది బాకీ కిందే ఇచ్చారని కోర్టు ముందుగా అనుకుంటుంది. 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. బాకీ లేదని చూపించాల్సిన భారం మీ మీద పడుతుంది.

కాబట్టి ఈరోజే సంస్థకు ఈమెయిల్ పంపండి, అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా పంపండి. చెక్కు నంబరు, ఇచ్చిన తేదీ, ఖాళీగా ఇచ్చిన సంగతి, మీరు వాళ్లకు ఏ బాకీ లేరన్న మాట అందులో ఉండాలి. ఆ తర్వాత బ్యాంకులో స్టాప్ పేమెంట్ లేఖ ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఈ వరస తప్పకండి. చెల్లింపు ఆపినంత మాత్రాన చెక్ బౌన్స్ కేసు ఆగదు, ఖాతా మూసేసినా అంతే. బాకీ లేదని ముందే రాసి పెట్టిన కాగితమే రేపు మిమ్మల్ని కాపాడేది. వాళ్లు చెక్కు వేసి, అది తిరిగొస్తే 30 రోజుల్లోగా మీకు నోటీసు పంపాలి. అందిన నాటి నుంచి మీకు 15 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువులోనే లాయరు ద్వారా జవాబు ఇవ్వండి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే లాభం లేదు, కోర్టు దాన్ని అందినట్టే చూస్తుంది.

ఇక బాండ్. బాండ్లన్నీ చెల్లవని కొందరు ధైర్యం చెబుతారు, అది నిజం కాదు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు, 2 లక్షల షరతును సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే అక్కడ నియామకం జరిగింది, ఆ ఉద్యోగి పనిచేసి రాజీనామా చేశాడు. మీకు అపాయింట్‌మెంటే లేదు. చేరని ఉద్యోగాన్ని మధ్యలో వదిలేశారని అనడం కుదరదు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం బాండ్‌లో ఎంత రాసుకున్నా దక్కేది సమంజసమైన పరిహారమే, 2 లక్షలన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. మీకు ఒక్క రోజు శిక్షణ కూడా ఇవ్వనప్పుడు నష్టమెక్కడిది?

ఇంటర్వ్యూలో మిమ్మల్ని అలసిపోయేలా చేసిన తీరు కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇంటర్వ్యూ ఇన్ని గంటలే ఉండాలన్న చట్టం లేదు. కానీ శారీరక, మానసిక బాధలో ఉన్న మనిషిపై పైచేయి వాడుకుని అన్యాయమైన లాభం పొందితే, అదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 16 దాన్ని అనుచిత ప్రభావంగా చూస్తుంది. అలాంటి ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. అలసట ఒక్కటే చాలదు. 13 గంటలు, చేతిలో ఫోన్ లేకపోవడం, ఇంట్లో అడిగే వీలు లేకపోవడం, చదువుకోవడానికి బాండ్ కాపీ ఇవ్వకపోవడం, ఇవన్నీ కలిపి చూపాలి. రద్దు చేసుకుంటున్నానని పై ఉత్తరంలోనే రాయండి. ఆలస్యం చేస్తే ఒప్పుకున్నట్టు వాదిస్తారు. వెళ్లిపోతానన్నా తలుపు వేసి ఆపి ఉంటే అది అక్రమ నిర్బంధం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 127 కింద నేరం. 'వెళ్తే అవకాశం పోతుంది' అని మాత్రమే అని ఉంటే ఆ నేరం కాదు. ఫిర్యాదులో లేనిది కలపకండి.

సర్టిఫికెట్లు మీ ఆస్తి. బాకీ ఉందని చెప్పి వాటిని పట్టి ఉంచుకునే హక్కు ఇలాంటి సంస్థకు చట్టం ఇవ్వలేదు. ఏడు రోజుల గడువుతో లీగల్ నోటీసు పంపండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో సంస్థ పేరు వెతికితే రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా దొరుకుతుంది. ఇంటర్వ్యూ జరిగిన చోటుకు, ఆ చిరునామాకు, రెండిటికీ పంపండి. ఇవ్వకపోతే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద సివిల్ కోర్టులో అవే పత్రాలు తిరిగి ఇప్పించమని అడగవచ్చు. ఈలోగా సర్టిఫికెట్లు పోయాయని అబద్ధపు అఫిడవిట్ ఇచ్చి డూప్లికేట్లు మాత్రం తీసుకోకండి. ఎక్కడున్నాయో తెలిసీ అలా రాస్తే కేసు మీ మీదే వస్తుంది. డిజిలాకర్‌లో బోర్డు, యూనివర్సిటీ జారీచేసిన పత్రాలుంటే, 2016 నిబంధనల ప్రకారం అవి అసలు పత్రాలతో సమానం. కొత్త సంస్థకు అవి ఇచ్చి, ఉన్న విషయం ఈమెయిల్‌లో చెప్పండి.

25 వేలకు నోటీసులోనే గడువు పెట్టండి. ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం మొదటి నుంచీ లేకుండా డబ్బు తీసుకుంటే అది మోసం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. మీలాగే కట్టి, చేరలేకపోయిన మరో ఇద్దరు ముగ్గురు దొరికితే మోసం చేసే ఉద్దేశం తేలిగ్గా రుజువవుతుంది. స్టేషన్‌లో 'ఇది సివిల్ గొడవ' అంటే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173(4) ప్రకారం ఫిర్యాదును పోస్టులో డీసీపీకి పంపండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. డబ్బు కోసం సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉంది.

మీరు రాసిన కోడ్ సంగతి చాలామంది వదిలేస్తారు. మీరు వాళ్ల ఉద్యోగి కాదు. సంతకం చేసిన బదిలీ పత్రం లేకపోతే కాపీరైట్ మీదే. కానీ ఆ బాండ్‌లో అలాంటి వాక్యం ఉందేమో చూడాలి, అందుకే నోటీసులో బాండ్ కాపీ కూడా అడగండి.

ఇంటర్వ్యూ పిలుపు ఈమెయిల్, యూపీఐ రిఫరెన్స్ నంబరు, ఆ రోజు ప్రయాణ టికెట్లు, వాట్సాప్ మెసేజ్‌లు దాచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి గనుక ఆ ఫోన్‌ని అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. హెల్ప్‌లైన్ నంబరు 15100.