అతివాహక తీగ మా చెరువు దాకా వస్తుందా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం, రొయ్యల సాగు. రాత్రిపూట ఏరేటర్లన్నీ తిరిగేసరికి లైను చివరనున్న మాకు వోల్టేజి పడిపోతోంది. నష్టం లేకుండా కరెంటును మోసే సూపర్ కండక్టర్ (అతివాహక) తీగలున్నాయనీ, కేంద్రక సంలీనం వస్తే కరెంటుకు కరువే ఉండదనీ మా అబ్బాయి అంటున్నాడు. ఇవి మాదాకా ఎప్పటికి వస్తాయి?
– ఒక రైతు, నెల్లూరు జిల్లా

జవాబు: తీగకుండే నిరోధం వల్ల, ఏరేటర్లు లాగే కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజిలో కొంత దారిలోనే ఖర్చయిపోతుంది. 1911లో హాలండ్ శాస్త్రవేత్త కామర్లింగ్ ఓనెస్ పాదరసాన్ని మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిచినప్పుడు ఆ నిరోధం పూర్తిగా మాయమైంది. 1987 నాటికి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోనే అతివాహకాలుగా మారే సిరామిక్ పదార్థాలు దొరికాయి. ఈ ద్రవాన్ని మీరు చూసే ఉంటారు: ఎదకొచ్చిన గేదెను పశువుల ఆసుపత్రికి తోలుకెళ్తే, అక్కడ క్యాను మూత తీయగానే తెల్లటి పొగ అంచు మీదుగా కిందికి జారుతుంది, అందులోంచే వీర్యపు స్ట్రాను పటకారుతో పైకి తీస్తారు. వాడినా వాడకపోయినా ఆ క్యానులోని నత్రజని ఆవిరవుతూనే ఉంటుంది కనుక మళ్లీ మళ్లీ నింపక తప్పదు. అతివాహక కేబులుకూ ఇదే తంటా; కరెంటు పారని వేళ కూడా దాన్ని చల్లగా ఉంచే ఖర్చు ఆగదు. జర్మనీలోని ఎసెన్‌లో 2014లో ప్రారంభమైన కిలోమీటరు పొడవు కేబులు నగరం నడుమ, భూమి కింద, చోటు ఇరుకైన దగ్గర వేసినది కాబట్టే దానికో అర్థముండింది. పొలాల మీదుగా మీ చెరువు దాకా వచ్చే లైనుకు అది దండగ. అక్కడ దగ్గరలో మరో ట్రాన్స్‌ఫార్మర్, లావుపాటి తీగ అడగడమే మేలు.

సంలీనమంటే తేలికైన పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం. దాని సంగతి మీటరు లెక్కలో చెబుతాను. 2022 డిసెంబరులో అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో, లేజర్లు 2.05 మెగాజౌళ్లు అందిస్తే ఇంధనపు గుళిక నుంచి 3.15 మెగాజౌళ్లు వెలువడ్డాయని ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు, కనుక అది ఒక్క యూనిట్ కూడా కాదు. ఆ లేజర్లను పేల్చడానికి గ్రిడ్ నుంచి లాగింది ఎనభై యూనిట్ల పైమాటే. ఇంగ్లండ్‌లోని ‘జెట్’ అనే సంలీన యంత్రం 2023లో ఐదు సెకన్లకు పైగా నడిచి 69 మెగాజౌళ్లు, అంటే 19 యూనిట్లు ఇచ్చింది, అదీ వేడి రూపంలో.

ఆ కొద్ది సెకన్లకే ఆపడానికి ఒక పెద్ద కారణం రాగి. పది కోట్ల డిగ్రీలు దాటిన ప్లాస్మా, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువు, గోడకు తగలకుండా అయస్కాంతాలతో పట్టి ఉంచాలి, జెట్‌లోని రాగి చుట్టలేమో కాసేపటికే వేడెక్కిపోయేవి. అతివాహక చుట్టలకు ఆ బెడద లేదు. అలాంటి చుట్టలున్న ఫ్రాన్స్ యంత్రం వెస్ట్, సంలీన శక్తి ఏమీ ఇవ్వకపోయినా, 2025 ఫిబ్రవరిలో ప్లాస్మాను 22 నిమిషాలు నిలిపింది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలోని ఎస్ఎస్‌టీ-1 కూడా ఈ కోవదే. కనుక మీ అబ్బాయి చెప్పిన అతివాహకం మీ స్తంభాల మీదికి రాకపోయినా, సంలీన కేంద్రం లోపల దానికి పని ఉంది. మన దేశమూ భాగస్వామిగా ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే సంలీన యంత్రంలో 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాకు కొద్ది మీటర్ల దూరంలోనే మైనస్ 269 డిగ్రీల చుట్టలుంటాయి. అదైనా ప్రయోగశాలే, గ్రిడ్‌కు కరెంటు ఇవ్వదు. మీ చెరువు లెక్కల్లో దీన్ని ఇప్పట్లో కలుపుకోకండి.

ప్రశ్న: సంలీనానికి సముద్రపు నీరే ఇంధనమంటారు. మా కొత్తపట్నం తీరంలో నీటికి కొదవేముంది?
– ఒక విద్యార్థి, ప్రకాశం జిల్లా

జవాబు: సగమే నిజం. టన్ను నీటిలో 33 గ్రాముల దాకా డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ ఉంటుంది, దాన్ని వేరుచేయడమూ తెలుసు. సంలీనంలో దానికి జోడీ అయిన ట్రిటియం (ఇంకా బరువైన హైడ్రోజన్) మాత్రం ప్రకృతిలో దాదాపు దొరకదు, దాచుకున్నా పన్నెండేళ్లకు సగమవుతుంది. అందుకే రియాక్టరు గోడల్లో లిథియం పెట్టి, న్యూట్రాన్ల తాకిడితో ట్రిటియాన్ని అక్కడికక్కడే పుట్టించాలి. వాడినంత ట్రిటియాన్ని తానే పుట్టించుకున్న యంత్రం ఇంతవరకూ ఒక్కటీ లేదు.