చెప్పకుండా చెప్పే ఇంగ్లీషు, చెప్పకుండా పోయే డబ్బు

తమ్ముడూ, నీ సందేహం చదివాను. "డైరెక్టుగా లేని ప్రతిదానికీ ఇన్‌డైరెక్ట్ అనే ఒక్క మాటే నోటికొస్తోంది, మీటింగుల్లో, మెయిళ్లలో వాడటానికి ఇంకేం మాటలున్నాయి అన్నయ్యా?" అని అడిగావు. అమెరికా వచ్చిన కొత్తలో అందరికీ ఉండే టెన్షనే ఇది. కానీ ఆఫీసులో మాట తప్పుగా వాడితే మహా అయితే నవ్వుతారు. సంతకం పెట్టే కాగితంలో మాట తప్పుగా అర్థమైతే డబ్బు పోతుంది. అందుకని ఆఫీసు సంగతి గబగబా చెప్పేస్తాను.

చుట్టూ తిరిగొచ్చే దారికైనా, పద్ధతికైనా రౌండబౌట్ అను. కాస్త గంభీరంగా ఉండాలంటే సర్క్యూయిటస్. డొంకతిరుగుడు సమాధానం ఇవేసివ్. పేరెత్తకుండా తగిలేలా అన్నది ఆబ్లిక్ రిమార్క్. అసలు విషయానికి అంటీ ముట్టనట్టు ఉండేది టాన్‌జెన్షియల్. పైకి అనకపోయినా లోపల ఉన్న అర్థం ఇంప్లిసిట్. వాళ్లూ వీళ్లూ అనగా విన్నది హియర్సే. ఇంప్లై, ఇన్ఫర్ రెండూ ఒకటనుకోకు. మాట్లాడేవాడు పైకి అనకుండా సూచిస్తే ఇంప్లై, వినేవాడు దాన్నుంచి గ్రహిస్తే ఇన్ఫర్. డీవియస్ జోలికి మాత్రం పోకు. లాటిన్ మూలాన్ని బట్టి అది దారికి దూరంగా పోవడమే, డిక్షనరీలో ఆ పాత అర్థం ఇప్పటికీ కనిపిస్తుంది. నేను అది చూసుకుని, డేటా మనకి డీవియస్ రూట్‌లో వస్తోందని క్లయింటుకి మెయిల్ కొట్టాను. ఇప్పటి వాడుకలో ఆ మాట వింటే కపటమే గుర్తొస్తుంది. మా మేనేజరు నన్ను పక్కకి పిలిచి, ఇంతకీ మోసం చేస్తున్నదెవరని అడిగాడు.

ఇక డబ్బు సంగతి. నేను దిగింది బస్సుల్లేని ఊళ్లో. పాలు తెచ్చుకోవాలన్నా కారే దిక్కు. మీకిప్పుడు యూట్యూబ్ ఉంది, వాట్సాప్ గ్రూపులున్నాయి. మాకు చెప్పేవాళ్లెవరూ లేరు, అయినా నెట్టుకొచ్చాం. ఓ డీలరు దగ్గర పాత కారు చూశాను. సేల్స్ అతను బానెట్ ఎత్తి, ఇంజన్ మీద చెయ్యి వేసి, దీనికింకా పదేళ్లు ఢోకా లేదన్నాడు. కిటికీ అద్దానికి బయ్యర్స్ గైడ్ అనే కాగితం అంటించి ఉంది. డీలరు అమ్మే ప్రతి పాత కారుకీ అది ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (కొనేవాళ్లు మోసపోకుండా చూసే ప్రభుత్వ సంస్థ) రూలు. అందులో 'యాజ్ ఈజ్' అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. ఆ రెండు మాటలూ నాకు ఒకటో తరగతి నుంచీ తెలిసినవే కదా. ఉన్నదున్నట్టు అంటే మన చెవికి నిజాయితీలాగే వినిపిస్తుంది. అహా, ఎంత మంచివాడు, దాచుకోకుండా చెబుతున్నాడు అనుకుని సంతకం చేశాను.

కొన్ని వారాలకే గేర్‌బాక్సు మొరాయించింది. రెండో గేరులో ఓ కుదుపు కుదిపేది. ఓ రోజు హైవే ఎక్కుతుండగా ఇంజన్ అరుస్తోంది, కారు మాత్రం కదలదు. వెనక హారన్లు. టో ట్రక్కు డబ్బు కూడా నేనే కట్టుకుని డీలరు దగ్గరికి పోతే, అతను గొడవ పడలేదు. నా ఫైలు తీసి, నా సంతకం మీద వేలు పెట్టి చూపించాడు, అంతే.

సంగతేమిటంటే, వ్యాపారి అమ్మిన వస్తువు దాని మామూలు పని చెయ్యాలన్న హామీ ఎవరూ రాయకపోయినా అమ్మకంలో ఉన్నట్టే చట్టం లెక్క. దాన్నే ఇంప్లైడ్ వారంటీ అంటారు. యాజ్ ఈజ్ అన్న టిక్కు దాన్ని తుడిచేస్తుంది. ఆ గడి బదులు 'ఇంప్లైడ్ వారంటీస్ ఓన్లీ' అన్న గడి ఉండే గైడు ఇంకో రకం ఉంటుంది, నా కారుకి అంటించింది అది కాదు. కొన్ని రాష్ట్రాల్లో డీలర్లు యాజ్ ఈజ్ కింద అమ్మకూడదు. మీ రాష్ట్రం సంగతి నువ్వే చూసుకో. నోటి మాటల్ని తర్వాత నిలబెట్టుకోవడం కష్టం, ప్రతి హామీనీ రాయించుకోండని కూడా ఆ గైడు మీదే అచ్చేసి ఉంటుంది. పదేళ్ల ఢోకా సంగతి రాసివ్వమని అడిగుంటే ఆ సేల్స్ అతని మొహం ఎలా ఉండేదో!

తర్వాతి కారుకి భయపడి, పాడైతే రిపేరు ఖర్చు వాళ్లే భరించే సర్వీస్ కాంట్రాక్టు కూడా కొన్నాను. పార్టు పోయింది, డబ్బిచ్చారు. కానీ బాగయ్యేదాకా అద్దె కారుకి పెట్టిన ఖర్చు అడిగితే, 'ఇన్‌డైరెక్ట్ ఆర్ కాన్సిక్వెన్షియల్' నష్టాలు మావి కావన్నారు. పార్టు పాడవడం డైరెక్ట్ నష్టం, దానివల్ల నాకు తగిలిన మిగతా ఖర్చంతా కాన్సిక్వెన్షియల్ అట. దీని వెనక 1854 నాటి ఇంగ్లండు కేసు ఉంది, హాడ్లీ వర్సెస్ బాక్సెండేల్. గ్లాస్టర్‌లో ఓ పిండిమిల్లు క్రాంక్‌షాఫ్ట్ విరిగింది. కొత్తది చేయించడానికి నమూనాగా విరిగినదాన్ని గ్రీనిచ్ పంపారు. రవాణా వాళ్లు ఆలస్యం చేశారు, మిల్లు మూతపడి ఉంది. పోయిన లాభం ఇమ్మంటే, ఆ ఆలస్యంతో మిల్లు ఆగిపోతుందని రవాణా వాళ్లు ముందే ఊహించే వీల్లేదు కాబట్టి అది వాళ్ల మీద పడదని కోర్టు తేల్చింది. ఇక్కడి లా కాలేజీల్లో ఇప్పటికీ ఆ కేసు చదువుతారు. నేను చదివింది అద్దె కారు బిల్లు కట్టాక. నువ్వు సర్వీస్ కాంట్రాక్టు కొనేముందు, ఆ 'ఇన్‌డైరెక్ట్ ఆర్ కాన్సిక్వెన్షియల్' అన్న ఒక్క పేరా చదువు. అద్దె కారు ఖర్చు విడిగా కవర్ అవుతుందా, రోజుకి ఎంతవరకు అని అడుగు.

కన్‌స్ట్రక్టివ్ అని కనబడితే నిర్మాణం అనుకోకు. లా భాషలో అది జరగకపోయినా జరిగినట్టే లెక్కన్న మాట. డిసెంబరులో నీకోసం రెడీగా ఉన్న చెక్కుని నువ్వు కావాలని జనవరిలో తెచ్చుకున్నా ఆదాయం పాత సంవత్సరానిదే, అది కన్‌స్ట్రక్టివ్ రిసీట్. ఉద్యోగంలోంచి తీసెయ్యకుండా నువ్వే పారిపోయేలా చేస్తే కన్‌స్ట్రక్టివ్ డిశ్చార్జ్. అలాంటి పరిస్థితి వస్తే రాజీనామా రాసేముందు లాయరుని కలువు.

జీతం స్లిప్పులో 'ఇంప్యూటెడ్ ఇన్‌కమ్' అన్న లైను చూశావా? నాకు మొదటిసారి కనబడినప్పుడు, చేతికి రాని డబ్బుకి టాక్సేమిటని జీతాలు చూసే పేరోల్‌లో ఒకావిడతో పోట్లాడాను. కంపెనీ మన పేరున కట్టే గ్రూప్ లైఫ్ ఇన్సూరెన్సు 50,000 డాలర్ల కవరేజీ దాటితే, ఆ పైభాగానికి అయ్యే ఖరీదుని మన ఆదాయంగా లెక్కేస్తారు. సంవత్సరం అయ్యాక జీతం, టాక్సుల లెక్కతో వచ్చే డబ్ల్యూ-2 ఫారంలో 12వ బాక్సులో సి కోడు పక్కన ఉండేది అదే. సాధారణంగా చిన్న మొత్తమే ఉంటుంది. నీ స్లిప్పులో పెద్దగా కనబడితే పేరోల్ వాళ్లకే ఫోన్ చెయ్యి. మీ మేనేజరుని అడగకు, ఆయన స్లిప్పులోనూ ఆ లైను ఉంటుంది గానీ ఆయనా చూసుకుని ఉండడు.