పగుళ్ళు చదివే ఇంజినీరుకు ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో బీటెక్ సివిల్ మూడో సంవత్సరం చదువుతోంది. 2021 నవంబరు వరదలప్పుడు ఇంటర్ చదువుతూ అక్కడి హాస్టల్లో చిక్కుకుపోయింది. అప్పటి నుంచీ పాత గుళ్ళను, కోటలను, తాళపత్రాలను వరదల నుంచీ అగ్నిప్రమాదాల నుంచీ కాపాడే పనిలోనే స్థిరపడతానంటోంది. తోటి పిల్లలందరూ కోడింగ్ నేర్చుకుంటున్నారు. అసలు ఇలాంటి ఉద్యోగం ఉంటుందా? ఉంటే ఎవరిస్తారు, ఏం చదవాలి? ఆమెను వారించాలో, ప్రోత్సహించాలో తేలక రాస్తున్నాను.

జవాబు: నమస్కారమండీ. ‘వారసత్వ విపత్తు నిర్వహణాధికారి’ అనే పేరుతో ఉద్యోగ ప్రకటన వెలువడటం మన దేశంలో అరుదు కనుక మీ సందేహం సహజమైనదే. అయితే ఆ పని మాత్రం ఉంది. దాన్ని సివిల్ ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, రసాయన శాస్త్రజ్ఞులు, పురావస్తు శాఖ ఉద్యోగులు తమ తమ హోదాల్లో ఉంటూ చేస్తున్నారు. కాబట్టి మీ అమ్మాయి ఇప్పుడున్న చదువు వదలనక్కరలేదు. ఆ రంగంలోకి వెళ్ళే ద్వారాల్లో ఒకటైన సివిల్‌లోనే ఆమె ఇప్పటికే ఉంది. ఆమెను వారించవద్దని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి దూరం వెళ్ళనవసరం లేదు.

శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. ఆనాడు వరద లేదు, భూకంపం లేదు. గోపురంలో పగుళ్ళు అంతకు ముందే కనిపించాయి, అవి పెరుగుతున్నాయని గ్రహించి చుట్టుపక్కల జనాన్ని దూరంగా తరలించారు కనుక మనుషులు దక్కారు, గోపురం దక్కలేదు. పగులు కనిపించిన తొలిరోజుకూ గోపురం నేలకొరిగిన రాత్రికీ మధ్యనున్న కాలమే మీ అమ్మాయి పనిచేయదలచుకున్న కాలం. ఆ వ్యవధిలో పగులు నెలకు ఎంత వెడల్పవుతోందో కొలిచేవారు, పునాది కింది నేల స్వభావాన్ని పరీక్షించేవారు, ఏ భాగాన్ని ముందుగా ఆసరాలతో నిలబెట్టాలో నిర్ణయించేవారు కావాలి. కొత్త గోపురం లేచి 2017లో కుంభాభిషేకం జరిగింది, సంతోషమే. కాని అయిదు వందల ఏళ్ళ నాటి కట్టడాన్ని మళ్ళీ కట్టలేము. దాని స్థానంలో మరొకటి మాత్రమే కట్టగలం.

ఈ రంగంలో మొట్టమొదట నేర్పేది ముప్పుకూ దుర్బలతకూ ఉన్న తేడా. వాన ముప్పు, పూడిపోయిన మురుగుకాలువ దుర్బలత. వానను ఎవరూ ఆపలేరు, కాలువను ఎవరైనా తీయగలరు. 2021 నవంబరులో తిరుమలకు నడిచివెళ్ళే శ్రీవారిమెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడటం, రాయలచెరువు కట్టకు ప్రమాదమని కింది ఊళ్ళను ఖాళీ చేయించడం, డిసెంబరు 1న ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడటం మీ అమ్మాయి కళ్ళముందు జరిగినవే. ఆ వానే ప్రతి పాత కట్టడం మీదా కురిసింది, కాని అన్నీ ఒకేలా దెబ్బతినలేదు. ఎందుకన్నది ఒక్కో కట్టడాన్నీ విడివిడిగా చూస్తేనే తెలుస్తుంది. ఎక్కడ నీరు నిలిచింది, ఎక్కడ గోపురం సందులో రావిమొక్క వేరు దన్ని ఇటుకలను విడదీసింది, ఎక్కడ పాత సున్నపు గచ్చు మీద ఎవరో సిమెంటు పూసి గోడలోని తేమకు బయటికి దారి లేకుండా చేశారు? ఇందులో చివరిది నన్ను తరచూ బాధపెట్టే విషయం. బాగుచేద్దామనే సదుద్దేశంతోనే ఎన్నో మంచి గోడలను పాడుచేశాం.

ఒక కట్టడానికి పనికొచ్చిన ప్రణాళిక మరొకదానికి పనికిరాదు. పారిస్‌లోని నోత్రదామ్ చర్చి పైకప్పు నిండా కలప ఉండటంతో 2019 ఏప్రిల్ 15న మంటలు దాన్ని గంటల్లో దహించాయి. మన చంద్రగిరి రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. అక్కడ నిప్పుకన్నా ఇంకే నీటిని గురించి ఎక్కువ ఆలోచించాలి. గుడిమల్లం శివాలయంలో గర్భాలయపు నేల బయటి నేలకన్నా పల్లంలో ఉంది, కనుక అక్కడ మొదటి ప్రశ్న నీరు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందనేదే.

కట్టడాలతోనే ఈ పని ముగియదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలోనూ, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలోనూ తాళపత్ర గ్రంథాలున్నాయి. కాగితాలూ పుస్తకాలూ తడిస్తే రెండు మూడు రోజుల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది. ఆ కాస్త వ్యవధిలో ఏ కట్టను ముందు బయటికి తేవాలో, దాన్ని ఎవరు మోయాలో, నీడన ఎక్కడ ఆరబెట్టాలో ముందే రాసిపెట్టుకోకపోతే ఆనాటి గందరగోళంలో ఎవరికీ తోచదు. ఎండలో వేస్తే తాటాకు వంకరపోతుంది, పగులుతుంది. ఒకసారి నేను విద్యార్థులతో ఒక చిన్న ప్రదర్శనశాలకు వెళ్ళినప్పుడు అక్కడి వస్తువుల జాబితా ఎంతో శ్రద్ధగా రాసి ఉండటం చూసి మెచ్చుకున్నాను. తరువాత అడిగితే తెలిసింది, ఆ రిజిస్టరుకు నకలు లేదు, అది ఉన్నదీ ఆ వస్తువులున్న గదిలోనే. గదికి నిప్పంటుకుంటే ఏమేమి పోయాయో చెప్పే ఆధారం కూడా పోతుంది.

మన పెద్దలకు ఈ ఇంగితం లేకపోలేదు. అన్నమయ్య సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో భద్రపరచబట్టే శతాబ్దాల తరువాత కూడా వేలాది కీర్తనలు మనకు మిగిలాయి. అవి తాటాకుల మీదే ఉండి ఉంటే ఎన్ని మిగిలేవో ఊహించుకోండి.

ఇక ఉద్యోగావకాశాల సంగతి. గత పదేళ్ళలో ప్రపంచం ఈ పనిని పట్టించుకోవడం పెరగడానికి కారణం వరుస నష్టాలు. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపానికి ఖాట్మండు లోయలోని ఆలయాలు కూలాయి. 2016 ఏప్రిల్‌లో ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాల కాలిపోయింది. 2018 సెప్టెంబరులో బ్రెజిల్ జాతీయ మ్యూజియం మంటల్లో పడినప్పుడు దగ్గర్లోని హైడ్రెంట్లలో (మంటలార్పేందుకు వీధుల్లో ఉండే నీటి కుళాయిల్లో) సరిపడా నీరు లేదు. నోత్రదామ్‌లో మాత్రం ఏ వస్తువులను ముందు బయటికి తేవాలో అగ్నిమాపక దళానికి ముందే తెలిసి ఉండటంతో ముఖ్యమైన పవిత్ర వస్తువులు, కళాఖండాలు అనేకం దక్కాయి. విపత్తుల ముప్పు తగ్గింపుపై 2015లో జపాన్‌లోని సెండాయ్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం సాంస్కృతిక వారసత్వాన్నీ ప్రస్తావించింది. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో వారసత్వ కట్టడాలకూ మ్యూజియాలకూ మార్గదర్శకాలు వెలువరించింది. అయితే మార్గదర్శకాలు వచ్చినంత వేగంగా కొలువులు రావు. ఈ మాట మీకు ముందే చెప్పడం నా బాధ్యత.

పనిచ్చేవారు ఎవరంటే, భారత పురావస్తు సర్వేక్షణ శాఖలో కన్జర్వేషన్ అసిస్టెంటు మొదలుకొని ఇంజినీరింగ్ కొలువులున్నాయి, కాని ప్రకటనలు ఏటా రావు. రాష్ట్ర పురావస్తు శాఖ, దేవాదాయ శాఖ, తిరుమల తిరుపతి దేవస్థానాల ఇంజినీరింగ్ విభాగాలు ఉన్నాయి. విపత్తు నిర్వహణ సంస్థలు, వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ వంటి సంస్థలు, పాత కట్టడాల పరిరక్షణ చేపట్టే ప్రైవేటు కన్సల్టెన్సీలు కూడా ఉన్నాయి. మొదటి నాలుగైదేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకన్నా ఆమెకు జీతం తక్కువే ఉండవచ్చు. ఇంటి మీద అప్పుంటే, ఆమె సంపాదన వెంటనే అవసరమైతే, ముందు సాధారణ నిర్మాణ రంగంలో ఒకటి రెండేళ్ళు పనిచేసి తరువాత ఇటు రావడంలో తప్పేమీ లేదు. స్ట్రక్చరల్ డిజైన్ చేతికి వచ్చిన మనిషికి ఆ అనుభవం ఇక్కడ వృథా కాదు.

చదువు విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. పేరులో ‘వారసత్వం’, ‘విపత్తు’ అనే మాటలున్న చిన్నచిన్న సర్టిఫికెట్ కోర్సుల వెంట ఇప్పుడే పరుగెత్తవద్దు. కట్టడాల పరిరక్షణలో (ఆర్కిటెక్చరల్ కన్జర్వేషన్) పీజీ కోర్సులు చాలావరకు బీఆర్క్ చదివినవారి కోసం ఉద్దేశించినవి. సివిల్ చదివిన ఆమెకు గేట్ ప్రవేశ పరీక్ష రాసి స్ట్రక్చరల్ (కట్టడాల బలం) లేదా జియోటెక్నికల్ (నేల, పునాదులు) విభాగంలో ఎంటెక్ చేయడం సూటి మార్గం. మద్రాస్ ఐఐటీలో వారసత్వ కట్టడాల భద్రత కోసం ప్రత్యేకంగా ఒక జాతీయ కేంద్రమే ఉంది, చిత్తూరు నుంచి చెన్నైకి ఒక పూట ప్రయాణం. యునెస్కో రోమ్‌లో నెలకొల్పిన అంతర్జాతీయ పరిరక్షణ కేంద్రం ఇక్రోమ్ నడిపే శిక్షణలూ, జపాన్‌లోని రిత్సుమెయికాన్ విశ్వవిద్యాలయం 2006 నుంచి నిర్వహిస్తున్న శిక్షణా కొంత పని అనుభవం ఉన్నవారికి పనికొచ్చేవి. వాటిని నాలుగేళ్ళ తరువాతి సంగతిగా ఉంచుకోవచ్చు. కోడింగ్‌ను ఆమె పూర్తిగా వదలవలసిన పనీ లేదు. వరదనీటి పటాలు గీయడానికీ, డ్రోను ఫొటోలతో గోపురపు త్రిమితీయ నమూనా తయారుచేయడానికీ అది కావాలి.

ఇష్టం నిజమైనదా, హాస్టల్లో పడ్డ భయం తాలూకు ఆవేశమా అన్నది తేల్చుకోవడానికి నేనొక పరీక్ష సూచిస్తాను. కేంద్ర రక్షిత కట్టడాల జోలికి అనుమతి లేకుండా వెళ్ళకూడదు కనుక, మీ ఊరిలోనో అమ్మమ్మగారి ఊరిలోనో ఉన్న ఒక చిన్న పాత గుడిని పెద్దల అనుమతితో ఎంచుకోమనండి. ఆ గుడి కొలతలు తీసి పటం గీయాలి, పగుళ్ళకు అంకెలు వేసి నెలకోసారి ఒకేచోట కొలిచి తేదీతో రాసుకోవాలి, వాననీరు పారే దారులు గుర్తించాలి. తిరుపతిలో దేవస్థానం నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థకు వెళ్ళి, రాతిపని, గుడి నిర్మాణం నేర్చుకుంటున్న విద్యార్థులతో రెండు రోజులు కూర్చుంటే మంచిది. పుస్తకంలో లేని పదాలు, పనులు వాళ్ళ దగ్గర దొరుకుతాయి. ఈ నోటుపుస్తకమే రేపు ఆఖరి ఏడాది ప్రాజెక్టుకూ, ఎంటెక్ ఇంటర్వ్యూకూ పనికొస్తుంది.

వేసవిలో మొదలుపెట్టినా డిసెంబరు దాకా ఆపవద్దని చెప్పండి. మన జిల్లాలకు అసలు పరీక్ష ఈశాన్య రుతుపవనాలదే. నవంబరులో పెద్దవాన పడిన రోజున ఆమె గొడుగు పట్టుకుని ఆ గుడి ముందు నిలబడి, నీరు ఏ రాయి దగ్గర ఆగిందో రాసుకోవాలి. వీలైతే మీరూ వెంట వెళ్ళండి, టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి అవసరం.