ఇత్తడి పళ్లెం మీద అరబ్బీ రాతలు

ప్రశ్న: గల్ఫ్‌లో పనిచేసే మా బావగారు ఒక ఇత్తడి పళ్లెం తెచ్చారు. అంచు చుట్టూ వెండితో అరబ్బీ అక్షరాలున్నాయి. ఖురాన్ వాక్యాలేమోనని మా అత్తగారు అందులో పళ్లు కూడా పెట్టనివ్వడం లేదు. పాత సామాన్ల మీద అసలేం రాసేవాళ్లు? వెండి ఊడిపోకుండా ఎలా అతికించేవాళ్లు?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: వాడుకునే పాత సామాన్ల మీద ఎక్కువగా ఉండేవి దీవెనలేనండి. కీర్తి, సంపద, క్షేమం, దీర్ఘాయుష్షు "దీని యజమానికి" కలగాలని. పేరు రాయకుండా అలా వదిలేస్తే ఎవరు కొనుక్కున్నా సరిపోతుంది కదా! ఇక ఈజిప్టు, సిరియాలను ఏలిన మమ్లూక్ సుల్తానుల సామాన్లైతే, మనవాళ్లు స్టీలు బిందె మీద పేరు కొట్టించుకున్నట్టు, సుల్తాను పేరూ దాన్ని మించి బిరుదులూ పెద్ద పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఖురాన్ వాక్యాలూ ఉంటాయి, కానీ అవి ఖురాన్ ప్రతులు దాచే పెట్టెల్లాంటి వాటి మీద ఎక్కువ.

1163లో హెరాత్‌లో, అంటే ఇప్పటి అఫ్గానిస్తాన్‌లో, ఒక వర్తకుడి కోసం చేసిన బకెట్ ఒకటి రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. పోతపోసినవాడు, వెండీ రాగీ పొదిగినవాడు ఇద్దరూ దాని మీద తమ పేర్లు రాసుకున్నారు. ఒక వరుసలో అయితే అక్షరాలకే మనుషుల తలలు మొలిచాయి, ఇక చదవడం ఎంత కష్టమో చూసుకోండి! బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న కూజాను 1232లో మోసుల్‌లో చేశారని దాని మీదే రాసుంది, దాని నిండా వేట, సంగీతం, ఒంటె మీద రాజు. అన్నిటికంటే నాకు ఆశ్చర్యంగా అనిపించేది సుల్తాన్ సాలిహ్ అయ్యూబ్ పేరున్న పెద్ద బేసిన్. ఆయన 1240 నుంచి 1249 దాకా ఈజిప్టును ఏలిన ముస్లిం పాలకుడు, దాని మీద ఏసుక్రీస్తు జీవితంలోని దృశ్యాలున్నాయి!

వెండి సంగతికొస్తే, జిగురేమీ ఉండదు. ఇత్తడిని ఉలితో చెక్కి, ఆ గాడిలో పల్చటి వెండి రేకు గానీ తీగ గానీ పెట్టి సుత్తితో కొడితే చుట్టూ ఉన్న అంచులే దాన్ని పట్టేస్తాయి. ఖాళీల్లో నల్లటి పదార్థం నింపేవాళ్లు. మన పక్కనున్న బీదర్ బిద్రీ పనిలోనూ వెండిని ఇలాగే చెక్కి పొదుగుతారు, కాకపోతే అక్కడ ఇత్తడి బదులు జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిసిన లోహం, నలుపు కోసం బీదర్ కోట మట్టి. హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో చూడండి.

మీ పళ్లెం అంత పాతది అయ్యుండకపోవచ్చు. 19వ శతాబ్దం నుంచే కైరో, డమాస్కస్‌లలో టూరిస్టుల కోసం పాత పద్ధతి సామాన్లు మళ్లీ చేయడం మొదలైంది. కొత్త వాటి మీద దీవెనా ఉండొచ్చు, ఖురాన్ వాక్యమూ ఉండొచ్చు కాబట్టి మీ ఊళ్లో అరబ్బీ వచ్చినవాళ్లకు ఒకసారి చూపించండి. అందాకా అత్తగారి మాటే వినండి.