మందులు వేసుకుంటే పాట ఆగిపోతుందా?

ప్రశ్న: నా వయసు 25. ఉద్యోగం చేస్తూ ఒక ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్‌లో పాడుతున్నాను. పాటలు నేనే రాస్తాను. ఏడాదిగా ఒకటే దిగులు, నిద్ర పట్టదు. షో అయ్యాక గదికొచ్చి ఏడుస్తుంటాను. డాక్టరు డిప్రెషన్ అని మందులు రాశారు. వేసుకుంటే పాటలు రావేమోనని భయం. నిర్వాణా రాక్ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్ గొప్పతనమంతా ఆయన బాధలోంచే వచ్చిందంటారు మా బ్యాండ్‌వాళ్లు. నెల దాటినా గొంతు బొంగురు తగ్గలేదు. ఇంట్లోవాళ్లు పాడటం మానేయమంటున్నారు.

జవాబు: ముందు ఆ మందులు మొదలుపెట్టండి. కొబేన్‌కు పేరు తెచ్చిన నిర్వాణా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' 1991 సెప్టెంబరులో వచ్చింది. 1994 ఏప్రిల్‌లో, 27 ఏళ్లకే, కొబేన్ తన ప్రాణం తీసుకున్నాడు. మధ్యలో మూడేళ్లు కూడా లేవు. ఆ తర్వాత ఆయన రాయగలిగిన పాటలన్నీ మనకు దక్కకుండా పోయాయి. బాధలోంచి ఒక లైను పుట్టొచ్చు. కానీ నచ్చని చరణం కొట్టేసి మళ్లీ రాయడానికి, రిహార్సల్‌లో నలుగురితో సర్దుకుపోవడానికి ఓపిక కావాలి, నిద్ర కావాలి. డిప్రెషన్ మొదట లాగేసుకునేది వాటినే.

అవే రోజుల్లో, నిర్వాణాలాగే అమెరికాలోని సియాటిల్ నుంచి పేరు తెచ్చుకున్న పెర్ల్ జామ్ రాక్ బ్యాండ్ గాయకుడు ఎడ్డీ వెడ్డర్ సంగతి చూడండి. ఆ బ్యాండ్‌లో చేరకముందు శాన్ డియాగోలో పెట్రోలు బంకులో నైట్ షిఫ్ట్ చేసేవాడు. సియాటిల్ నుంచి ఆ బ్యాండ్‌వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ట్యూన్లకు మాటలు కట్టి, పాడి, క్యాసెట్టు తిరిగి పంపాడు. నాన్న అనుకున్న మనిషి కన్నతండ్రి కాదని, కన్నతండ్రి అప్పటికే చనిపోయాడని తెలిసిన గాయం వాటిలో ఉంది. ఆ గాయంతోనే ఆయన 60 దాటాడు. 2024లో కూడా బ్యాండ్‌తో కొత్త ఆల్బమ్ తెచ్చాడు. మీ బ్యాండ్‌వాళ్లకు ఈ కథ కూడా చెప్పండి.

మందు గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. కొందరికి మనసు మొద్దుబారినట్టు అనిపిస్తుంది. అలా ఉంటే, పాటలు రాయడం మీకెంత ముఖ్యమో డాక్టరుకు చెప్పండి. డోసు మారుస్తారు, లేదా మందే మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

గొంతు విషయంలో ఆలస్యం చేయకండి. నెల దాటిన బొంగురుకు ఈఎన్‌టీ డాక్టరు స్వరతంతువులను చూడాల్సిందే. అప్పటిదాకా స్క్రీమింగ్ (గొంతు చించుకుని అరుస్తూ పాడటం) పూర్తిగా మానండి. గుసగుసలాడటం కూడా గొంతుకు విశ్రాంతి కాదు.

షోలో అంతసేపు ఉప్పొంగిన ఒళ్లు, అయిపోగానే ఒక్కసారిగా నీరసపడుతుంది. ఆ వేళ ఒంటరిగా గదికి వెళ్లకండి, బ్యాండ్‌లో ఒకరిని తోడు ఉండమనండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే, తెల్లారేదాకా ఆగకుండా ఇంట్లోవాళ్లను లేపి ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

మీ ఏడుపు ఇంట్లోవాళ్ల చెవిన పడకుండా ఉండదు. అందుకే పాటే కారణమనుకుంటున్నారేమో. ఈసారి డాక్టరు దగ్గరికి అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి, వాళ్ల అనుమానాలు అక్కడే అడగనివ్వండి.