జర్మనీ ఇంట్లో మన వంట, మన పిల్లాడు

చి.ల.సౌ. అమ్మలుకి పిన్ని ఆశీస్సులు.

మీరు పిల్లాడితో మ్యూనిక్‌లో దిగేసరికి అక్టోబరు. వీసా కాగితాల సంగతి అల్లుడుగారు చూసుకుంటారు గనక నేను ఇల్లు నడిపే సంగతులే రాస్తున్నాను. చలికాలం ముంగిట్లో వెళ్తున్నారు, అందుకే ముందు గోడల గురించి.

మన ఇళ్లలో తలుపు సందుల్లోంచి, వెంటిలేటర్లలోంచి గాలి దానంతటదే ఆడుతుంది. అక్కడి కిటికీలకు రబ్బరు అంచులుంటాయి, మూశారంటే లోపలి గాలి లోపలే. ఇంట్లో నలుగురుంటే వంట, స్నానాలు, ఆరేసిన బట్టలు, ఊపిరి కలిపి రోజుకు సుమారు పది లీటర్ల నీరు ఆవిరవుతుంది. మన వంటలో ఆవిరి మరీ ఎక్కువ. ఇడ్లీ, కుక్కరు, చారు అన్నీ అంతే. ఆ చెమ్మ చల్లటి బయటి గోడ మూలల్లో, మంచం వెనక, బీరువా వెనక చేరి నల్లటి బూజవుతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, మీరు గాలి ఆడనివ్వకపోవడం వల్లే పట్టిందని తేలితే ఆ ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది. డిపాజిట్ మూడు నెలల అద్దె దాకా ఉంటుంది. డబ్బు మాట అటుంచు, ఆ గదిలో పడుకునే పిల్లాడికి దగ్గు పట్టుకుంటుంది.

పొద్దున లేవగానే, వంటయ్యాక, స్నానాలయ్యాక, పడుకోబోయే ముందు కిటికీలు బార్లా తెరువు. ఎదురెదురు కిటికీలైతే మరీ మంచిది. గడ్డకట్టే చలిలో ఐదు నిమిషాలు, మామూలు చలిలో పది నిమిషాలు చాలు. అంతసేపూ హీటరు తగ్గించి, కిటికీ మూశాక మళ్లీ పెంచు. చలికి జడిసి కిటికీని పైనుంచి కాస్త వాల్చి రోజంతా అలాగే వదిలేసేవాళ్లు చాలామంది. అప్పుడు గాలి సరిగ్గా మారదు, కిటికీ చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది, బూజు అక్కడే మొదలవుతుంది. గాలిలో తేమ చూపించే హైగ్రోమీటర్ ఒకటి కొనుక్కో. 40 నుంచి 60 శాతం మధ్య ఉండాలి. వాడని గదికి హీటరు పూర్తిగా ఆపేయకు, కనీసం 16 డిగ్రీలు ఉంచు. బీరువాలకూ బయటి గోడకూ మధ్య పది సెంటీమీటర్ల సందు వదులు.

పొయ్యి చాలా ఇళ్లలో గాజు పలకది. ఇండక్షన్ అయితే ఇక్కడి అల్యూమినియం కుక్కరు దాని మీద పనిచేయదు. ఇక్కడే పాత్ర అడుగున అయస్కాంతం పెట్టి చూడు, అంటుకున్నవే సర్దుకో. గుండ్రటి అడుగున్న మూకుడు కుదురుగా నిలవదు. బెల్లం పాకం గాజు మీద పొంగితే చల్లారనివ్వొద్దు, వేడి మీదే గీకుడు బ్లేడుతో తీసెయ్యాలి. చల్లారితే గాజు పెచ్చు లేచి వస్తుంది.

పొయ్యి మీద చిమ్నీ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకు. గొట్టం బయటికి లేనిదైతే అది బొగ్గు ఫిల్టరులోంచి గాలిని మళ్లీ ఇంట్లోకే వదులుతుంది. వాసన కొంత తగ్గుతుంది గానీ ఆవిరి పోదు. పోపు వేసే ముందే వంటింటి తలుపు మూసి, కిటికీ తెరువు. ఉన్ని కోట్లకు ఇంగువ, ఎండుమిర్చి ఘాటు ఇట్టే పట్టేస్తుంది, వాటిని మూసిన అలమరలో పెట్టు. ఘాటెక్కువైందని మెట్లవైపు తలుపు మాత్రం తెరవొద్దు. ఆ పొగ మెట్ల నిండా కమ్ముకుంటే పక్కవాళ్లు నిప్పంటుకుందనుకుని ఫైరింజన్‌కు ఫోన్ చేస్తారు. పొగ అలారం మోగితే విసుగుతో పీకేయకు, అది చట్టప్రకారం ఉండాల్సిందే.

చప్పుడు విషయంలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా, ఆదివారం రోజంతా నిశ్శబ్దం పాటిస్తారు. మిక్సీ, డ్రిల్లు, గాజు సీసాలు తొట్టెలో వేయడం, అన్నీ శనివారం సాయంత్రంలోగా ముగించు. ఆదివారం దుకాణాలుండవు, పాలూ కూరగాయలూ ముందురోజే తెచ్చుకోవాలి. దోసెల పిండి చలికి పులవదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి రాత్రంతా ఉంచు. దీపావళికి టపాసులు కాల్చకండి, అక్కడ వాటికి డిసెంబరు 31, జనవరి 1 మాత్రమే అనుమతి. చిన్న కాకరపువ్వొత్తులకు ఏడాదంతా ఇబ్బంది లేదు. పిల్లాడి ఏడుపు, ఆటల చప్పుడు మామూలుగా ఎవరూ తప్పు పట్టకూడదు, దానికి కుంగిపోకు. దిగిన వారంలోనే పక్కింటివాళ్ల తలుపు తట్టి పేరు చెప్పుకోండి. పోస్టు డబ్బా మీద పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరే అంటించండి, లేకపోతే ఉత్తరాలు తిరిగి వెళ్లిపోతాయి.

ఇక కిటా, అంటే పిల్లల బడి. మొదటి మూడు రోజులు నువ్వో అల్లుడుగారో పిల్లాడితో గంటసేపు లోపలే కూర్చోవాలి. నాలుగో రోజున కాసేపు బయటికి వెళ్లి చూస్తారు. అలా పెంచుకుంటూ పోతే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ నెల ఇద్దరిలో ఒకరు సెలవులో ఉండండి. మనవైపు పిల్లాడు ఆటలో పడగానే చూడకుండా జారుకోవడం అలవాటు. అక్కడ ఆ పని చేయొద్దు. ఏడ్చినా సరే, "మళ్లీ వస్తాను" అని చెప్పే వెళ్లాలి. చెప్పకుండా వెళ్తే మర్నాటి నుంచి నీ కొంగు వదలడు. అన్నం కలిపి ముద్దలు పెట్టే అలవాటు ఇప్పటినుంచే తగ్గించి, చెంచాతో తనంతట తనే తినేలా చూడు. ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడండి, జర్మన్ కిటాలో దానంతటదే వస్తుంది.

వానలోనూ పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్తారు. నీరు పట్టని ప్యాంటు, రబ్బరు బూట్లు, లోపల వేసుకునే చెప్పులు, రెండు జతల మారు బట్టలు, అన్నిటి మీదా పేరు రాసి ఇవ్వు. ఏం తినడో కాగితం మీద రాసివ్వు. రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో పంది జెలటిన్ తరచుగా ఉంటుంది, ఆ మాటా అందులో చేర్చు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒకరోజు ముందు చెప్పకు, అది అశుభమని అక్కడివాళ్ల నమ్మకం. పార్టీకి పిలిచిన పిల్లాణ్ణే, పిలిచిన వేళకే పంపించు.

ప్రాణం మీదికొస్తే 112. రాత్రివేళ జ్వరంలాంటివైతే 116117. ఈ రెండూ ఫ్రిజ్ తలుపు మీద అంటించు.

ఆశీస్సులతో,
పిన్ని